దాచిపెట్టిన గాలి

పోయిన వారం గాలిమేష్టారి చేత నోరు తెరిపించి అక్కడే ఆపేశాం. పాపం పెద్దమనిషి వారం రోజులుగా చేతిలో టీ గ్లాసుతో, తెరిచిన నోటితో, మైకమ్మ బల్ల పక్కన అలాగే నిలబడి ఉన్నాడు. ముందు ఆయన్ని విడిపిద్దాం.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. కొండమీద అడవి అంటుకుంది. పడమటి గాలి మంటని తూర్పుకి తరుముతోంది. కొండకి దక్షిణాన, దిగువన ఒక రోడ్డుంది. లోయలోని ఆస్పత్రి నుంచి రోగుల్ని బయటికి తేవాలంటే ఆ రోడ్డు తప్ప గతి లేదు. రోడ్డుకీ మంటకీ నడుమ, కొండవాలు మీద, పొదలు నరికి మట్టిగీత కొట్టి, మంట కిందికి దిగకుండా కాపలా కాస్తున్నది మేస్త్రి దళం. రోడ్డు మీద బస్సు తోలుతూ రోగుల్ని చేరవేస్తున్నది బావ. ఊళ్ళో అగ్నిమాపక కేంద్రం మేడమీద, రేడియో ముందు కూర్చుని వాళ్ళిద్దరికీ మాట అందిస్తున్నది మైకమ్మ.

మేస్త్రి మైకమ్మ మొగుడు. అతను జన్మలో ఇల్లు కట్టి ఎరగడు. అడవిలో కొట్టే మట్టిగీత తాడు పట్టినట్టు రాకపోతే మళ్ళీ కొట్టిస్తాడని దళంవాళ్ళు పెట్టిన పేరది. బావ ఆమె అక్క మొగుడు. ఆ అక్కే ఈ కేంద్రానికి అధికారి. అందరూ పెద్దమేడం అంటారు. మైకమ్మ కూడా ఈ గదిలో ఉన్నంతసేపూ మేడం అనే అంటుంది, ఇంటికెళ్ళాకే అక్క. ఇక గాలిమేష్టారు వాతావరణం చెప్పే ఉద్యోగి. ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి కావడంతో, టైమెంతైందని అడిగినా పాఠంలాగే చెబుతాడు.

ఆయన నోట్లో ఆగిపోయిన మాట ఇది.

“ఉత్తరం గాలి వస్తుందని పొద్దున్నే చెప్పాను కదమ్మా. మీ ఆయన ఇంకా ఆ వాలు మీదే ఉన్నాడేంటి?”

మైకమ్మ చెవులమీది హెడ్‌ఫోను ఒక పక్కకి తోసుకుంది.

“ఏ గాలి మేష్టారూ?”

ఆ ప్రశ్న విని ఆయన అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ ఎవరైనా తెలీదంటే పాఠం మొదలెట్టకుండా ఉండలేని జబ్బొకటుంది ఆయనకి. గ్లాసు పక్కన పెట్టి, ఆమె బల్లమీది పెన్సిలు తీసి మ్యాపు మీద పడుకోబెట్టాడు.

“ఇదే మంట అనుకో. పొడుగ్గా ఉంది. ఇదిగో, ఈ మొన దాని ముఖం. ఈ పొడుగంతా పక్క. వెనకనించి గాలి తోసినంతసేపూ మొన ఒక్కటే పరిగెడుతుంది. పక్కలు మెల్లగా పాకుతుంటాయి, మీ ఆయన లాంటివాళ్ళు పక్కన నిలబడి ఆపగలుగుతారు. అవునా? ఇప్పుడు గాలి ఉత్తరం నించి కొట్టిందనుకో.” పెన్సిలుని అడ్డంగా ఒక్క తోపు తోశాడు. అది తన పొడుగంతటితోనూ దొర్లి, మ్యాపు మీద మేస్త్రి దళానికి గుచ్చిన నీలం సూది దగ్గర ఆగింది. “పక్కంతా ముఖమైపోతుంది. పైగా వచ్చేది తలుపులు విరిచే గాలి. మంట నిటారుగా ఉంటే ఎదుటి పొదకి దూరంగానే ఉంటుంది. గాలి వంచితే పొద మీదికి వంగుతుంది, అంటుకునే లోపలే పొద ఎండిపోయి సిద్ధంగా ఉంటుంది. నిప్పుపెళ్ళలయితే మీ ఆయన కొట్టిన గీతని చూడను కూడా చూడవు, ఎగిరి అవతల పడతాయి. ఇదంతా మేడంకి...”

అప్పుడు చూశాడు ఆమె మొహం.

“నీకు చెప్పలేదా?” అన్నాడు మేష్టారు నాలిక్కరుచుకుని.

పొద్దున్నించీ ఈ కుర్చీ దిగలేదు మైకమ్మ. కొండమీదికి వెళ్ళే ప్రతి మాటా తన నోటిమీదుగానే వెళ్ళింది. గీత ఇంకాస్త పడమరకి జరపమని చెప్పింది, నీళ్ళ బండి వస్తోందని చెప్పింది, భోజనాలు వస్తున్నాయని చెప్పింది. ఒక్క గాలి సంగతే చెప్పలేదు. తనకి తెలిస్తేగా చెప్పడానికి.

సరిగ్గా అప్పుడే ఒకటో లైను దీపం వెలిగింది.

“కేంద్రం, మేస్త్రిని.” మొగుడి గొంతు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే మట్టి ఇవాళ పొగతో కలిసి ఇంకా బొంగురుగా ఉంది. “గాలి పడమర. ఇందాకటికన్నా నెమ్మదించింది. మనవాళ్ళు కాస్త కూర్చున్నారు.”

ఈ కేంద్రంలో ఒక కట్టుబాటుంది. రేడియోలో ఎవరేం చెప్పినా, విన్నవాళ్ళు ఆ మాటని తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పని మాట అందని మాట కిందే లెక్క. మొగుడూ పెళ్ళామైనా సరే, తిరిగి చెప్పాల్సిందే. ఇంట్లో కూడా ఇదే అలవాటై, కూరగాయలు తెమ్మంటే “తిరిగి చెప్తున్నా, కూరగాయలు” అంటాడు మేస్త్రి. అని మర్చిపోయి వస్తాడు, అది వేరే సంగతి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గాలి వార్త మటుకు మేడం నోట వస్తే తప్ప మైకులోకి వెళ్ళకూడదు. అది కూడా దళం పెద్దకి ఒక్కడికే, ఒకటో లైనులోనే చెప్పాలి. గాలి తిరుగుతుందన్న మాట పదిమంది చెవిన ఒకేసారి పడితే పదిమంది పది దిక్కులకి పరిగెత్తుతారని, ఎప్పుడో ఒకసారి అలా పరిగెత్తి పోయినవాళ్ళున్నారని, పెట్టుకున్న నియమం.

“తిరిగి చెప్తున్నా,” అంది మైకమ్మ. “గాలి పడమర. నెమ్మదించింది.”

దీపం ఆరిపోయింది. ఆ మాట అన్నందుకు తన నోరు తనకే చేదుగా అనిపించింది.

గోడ దగ్గర నిలబడి పెద్దమేడం ఆస్పత్రితో ఫోన్లో మాట్లాడుతోంది. ఒక చెవికి ఫోను, రెండో చెవికి అరచెయ్యి. జుట్టు ముడి జారి మెడమీద పడినా పట్టించుకోవడం లేదు.

“మేడం,” అంది మైకమ్మ.

“ఒక్క నిమిషం.”

“అక్కా.”

ఈ గదిలో ఆ పిలుపు ఎన్నడూ వినబడలేదు. పెద్దమేడం ఫోను పెట్టేసింది.

“గాలి సంగతి నీకు పొద్దున్నే తెలుసా?”

పెద్దమేడం గాలిమేష్టారి వైపు చూసింది. మేష్టారు ఆ క్షణంలో టీ గ్లాసు అడుగున ఏదో అద్భుతం కనిపెట్టినట్టు అందులోకి చూస్తున్నాడు.

“తెలుసు,” అంది.

“మేస్త్రికి చెప్పావా?”

“చెప్తాను.”

“చెప్పావా అని అడుగుతున్నా.”

“లేదు.”

పుల్ల విరిచినట్టు అనేసి, పెద్దమేడం కుర్చీ లాక్కుని చెల్లెలి పక్కన కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది.

“విను. ఆస్పత్రిలో ఆఖరి బస్సు ఎక్కిస్తున్నారు. మంచం దిగలేనివాళ్ళు. ఒక్కొక్కళ్ళని దుప్పట్లో మోసుకొచ్చి పడుకోబెడుతున్నారు. ఆ బస్సు ఆ వాలు కింది క్వారీ మలుపు దాటిందంటే చాలు, మరుక్షణం దళాన్ని తీసేస్తాను. గాలి తిరగడానికి ఇంకా టైముంది.”

“గాలికి గడియారం కట్టి పంపావా?”

“మేష్టారు చెప్పిన టైమే.”

“ఉజ్జాయింపుగా అన్నాను,” అన్నాడు మేష్టారు గ్లాసులోకే.

“వాళ్ళిప్పుడు లేచొచ్చేస్తే మంట మెల్లగానైనా రోడ్డెక్కుతుంది,” అంది పెద్దమేడం. “బస్సు లోపలే ఉండిపోతుంది. ఏం చెయ్యమంటావు?”

“చెప్పి, ఉంటారా అని అడగొచ్చుగా.”

“అడిగితే మీ ఆయన ఉంటాడు. ఆయన సంగతి నాకు తెలుసు. మిగతావాళ్ళు ఉండరు. వాళ్ళకీ పిల్లలున్నారు, తప్పు కూడా కాదు. ఒకడు లేస్తే అందరూ లేస్తారు.”

“ఉండరని తెలిసే దాచావన్నమాట.”

మైకమ్మకి ఒళ్ళు మండిపోయింది. అక్కంటే ఆమెకి చిన్నప్పట్నించీ భయమూ, భక్తీ. అక్క కొనిచ్చిన చెప్పులు వేసుకుని బడికి వెళ్ళింది, అక్క చూపించిన ఉద్యోగంలో చేరింది. ఆఖరికి మొగుణ్ణి కూడా అక్కే చూపించింది. “నా దగ్గర పనిచేసేవాళ్ళలో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి వీడొక్కడే, చేసుకో, సుఖపడతావు,” అంది. చేసుకుంది, సుఖపడింది. అదే మనిషిని ఈ అక్క ఇవాళ అబద్ధం చెప్పి కొండమీద కూర్చోబెట్టింది.

రెండో లైను దీపం వెలిగింది. అది బస్సులకి.

“మరదలు పిల్లా, బండి కదిలింది,” అన్నాడు బావ. రేడియోలో ఎలా మాట్లాడకూడదో నేర్పాలంటే బావ మాటలు వినిపిస్తే సరిపోతుందని కేంద్రంలో అందరూ అంటారు. “వెనకాల నర్సమ్మ నెమ్మదిగా తోలమంటుంది. మీ అక్కేమో తొందరగా తోలమంటుంది. మధ్యలో నేనొక్కణ్ణీ దొరికాను. మీ అక్క పక్కనే ఉందా? మొహం ఎలా ఉంది?”

“మామూలుగానే ఉంది బావా.”

“మాడ్చుకునే ఉందన్నమాట. సరే, తిరిగి చెప్పు మరి, బండి కదిలింది.”

“తిరిగి చెప్తున్నా. బండి కదిలింది.”

దీపం ఆరిపోయాక మైకమ్మ అక్క వైపు తిరిగింది. అక్క మొహంలో బావ గొంతు విన్నప్పుడు వచ్చిన మెత్తదనం ఇంకా పూర్తిగా పోలేదు. అది చూశాకే ఆ ప్రశ్న పుట్టింది. అంతకుముందు ఆమె బుర్రలో ఆ ఆలోచనే లేదు.

“ఆ బస్సు బావది కాకపోయుంటే చెప్పేదానివా?”

గాలిమేష్టారు మెల్లగా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెద్దమేడం విసురుగా లేచి నిలబడింది. కొడుతుందేమో అనుకుంది మైకమ్మ. కొట్టినా బాగుండేది.

“తెలీదు,” అంది చివరికి. “పొద్దున్నించీ అదే అడుగుతున్నా నన్ను నేను. లేవలేనివాళ్ళున్నారు బస్సులో, ఎవరు తోలుతున్నా ఇలాగే చేసేదాన్నని సర్దిచెప్పుకుంటున్నా. ఒకోసారి నిజమే అనిపిస్తుంది. ఒకోసారి...” మాట మింగేసింది. “నాకు తెలీదే.”

ఆ ‘తెలీదే’ విని మైకమ్మకి జాలేసింది. జాలేసినందుకు మరీ కోపమొచ్చింది. అవతల ఆ వాలు మీద తన మొగుడొక్కడే లేడు. నిన్న డ్యూటీ ఎక్కే ముందు కూతురి పుట్టినరోజని అందరికీ మిఠాయి పంచినవాడున్నాడు, పెళ్ళి కుదిరిందని ఫొటో చూపించినవాడున్నాడు. వాళ్ళెవరికీ తెలీకుండా వాళ్ళ ప్రాణాలకి ఈ గదిలో లెక్కలు కట్టారు. వాళ్ళ పెళ్ళాలు రేపొచ్చి, నీ నోటితోనే కదా అన్నీ చెప్పావు, ఇదెందుకు చెప్పలేదని అడిగితే తన దగ్గర జవాబుందా?

రేడియో పక్కన ఇత్తడి మీట ఒకటుంది. అటు తిప్పితే ఒకటో లైను, ఇటు తిప్పితే రెండోది. పైకెత్తితే అందరి లైను. అందరి లైనులో కేంద్రం అన్న మాట దళంలో ప్రతివాడికీ, దారిలో ఉన్న ప్రతి బండికీ ఒకేసారి వినబడుతుంది. వాళ్ళు అన్న మాట మటుకు కేంద్రానికి ఒక్కదానికే వినబడుతుంది. మైకమ్మ మీట పైకెత్తింది.

“చెయ్యి తియ్యి,” అంది పెద్దమేడం.

“తియ్యను.”

“నేను చెప్తున్నా, చెయ్యి తియ్యి. బస్సు లోపలుంది.”

“వాళ్ళూ లోపలే ఉన్నారు.”

మైకు నొక్కాక ఆమె గొంతు వణకలేదు. అన్నేళ్ళ అలవాటు గొంతుని పట్టుకుంది.

“అందరికీ, కేంద్రం. గాలి వార్త. ఈ మధ్యాహ్నమే గాలి తిరిగి ఉత్తరం నించి కొడుతుంది. చాలా బలంగా వస్తుంది. మేస్త్రి దళం వైపున్న పక్కమంట ముఖమంట అవుతుంది. విన్నవాళ్ళు తిరిగి చెప్పండి.”

ఇంకోసారి అదే చెప్పింది. కాసేపు ఒట్టి గరగర వినబడింది. తర్వాత దళంలో వాళ్ళ గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. “తిరిగి చెప్తున్నా, ఉత్తరం గాలి, పక్కమంట ముఖమవుతుంది.” పెళ్ళి కుదిరినవాడి గొంతు మధ్యలో కీచుపోయింది. అందరి తర్వాతా మేస్త్రి తిరిగి చెప్పాడు. చెప్పి ఆగాడు.

“మైకమ్మా, ఈ వార్త ఎప్పటిది?”

పెద్దమేడం చెల్లెలి మొహంలోకి చూస్తోంది. అబద్ధమాడమని ఆ చూపు అడగడం లేదు. ఏం చెబుతుందోనని మటుకు చూస్తోంది.

“పొద్దుటిది,” అంది మైకమ్మ.

“మనవాళ్ళని నల్లనేలకి పంపుతున్నా,” అన్నాడతను, అంతే.

నల్లనేల అంటే నిన్న కాలిపోయిన జాగా, వాలుకి కాస్త పైన. ఒకసారి కాలి బూడిదైన చోట మళ్ళీ కాలడానికి ఏమీ మిగలదు కాబట్టి, మంట తిరగబడినప్పుడు దళానికి అంతకన్నా గట్టి చోటు లేదు. ఆ మాట వినగానే మైకమ్మకి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలింది. వాళ్ళు బతుకుతారు. తను చెప్పబట్టి బతుకుతారు.

అక్క ఆమెని తిట్టలేదు. మ్యాపు దగ్గరికి వెళ్ళి నిలబడి, రోడ్డు గీత మీద వేలు పెట్టి, బస్సు ఇప్పుడెక్కడ ఉంటుందో లెక్కేసుకుంటూ వేలు మెల్లగా జరుపుతోంది. ఆ వేలు క్వారీ మలుపు దాకా వెళ్ళకముందే రెండో దీపం వెలిగింది.

“కేంద్రం, బస్సు.”

బావ ఎప్పుడూ అలా పిలవడు. ఆ రెండు మాటలు వినగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి రేడియో మీదికి వంగారు.

“క్వారీ మలుపులో ఉన్నా. చెట్టు పడింది రోడ్డుకి అడ్డంగా. మొదలు కాలి పడిపోయింది. పెద్దది, నావల్ల కదిలేది కాదు. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. పొగ దిగుతోంది, లోపల దగ్గుతున్నారు.” ఊపిరి తీసుకున్నాడు. “కొండ మీదికెక్కే క్వారీ దారి మటుకు తెరిచే ఉంది. ఇక్కణ్నించి పై దాకా కనబడుతోంది. పైనించి ఎవరన్నా రంపం పట్టుకుని దిగితే పని అవుతుంది. చూడమ్మా ఎవరన్నా ఉన్నారేమో.”

ఆ వాలు అంచున కాలుతున్న చెట్లని పొద్దున్నించీ దళమే కనిపెట్టి, మొదలంటా నరికి, రోడ్డుకి అవతలి వైపు పడేట్టు పడేస్తూ వచ్చింది. ఇందాక అక్కడ దళముంది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో ఈ గదిలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

“తిరిగి చెప్పమ్మా,” అన్నాడు బావ.

మీట అందరి లైను మీదే ఉందన్న సంగతి మైకమ్మకి గుర్తే. ఇప్పుడు తను ఈ మాట తిరిగి చెబితే, కొండమీద మొగుడికి కూడా వినబడుతుంది. వినబడితే అతను దిగుతాడు. అందులో ఆలోచించాల్సిందేమీ లేదు. మీట రెండో లైనుకి దించి, చిన్నగా చెప్పింది. “తిరిగి చెప్తున్నా. చెట్టు పడింది. క్వారీ దారి తెరిచే ఉంది.” చెప్పి, ఎందుకో తనకే తెలీకుండా మీట మళ్ళీ పైకెత్తేసింది.

పెద్దమేడం అది చూసింది. దళాన్ని మళ్ళీ కిందికి దింపమని అనలేదు. పొద్దున్నించీ వాళ్ళ ప్రాణాలతో చేసిన పని చాలనుకుందో, ఇంక అడిగే మొహం లేదనుకుందో. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“గాలి ఆగిపోయింది,” అన్నాడు కిటికీ దగ్గర్నించి మేష్టారు. “ఆకు కూడా కదలడం లేదు. తిరిగే ముందు ఇలాగే ఆగుతుంది.” ఈసారి పాఠం చెప్పలేదు.

ఒకటో దీపం వెలిగింది.

“కేంద్రం, మేస్త్రిని. మనవాళ్ళంతా నల్లనేల చేరారు. నేనింకా దళం బండి దగ్గరే ఉన్నా. కింద రోడ్డు వైపు పొగ లేస్తోంది. అన్నయ్య బస్సు మలుపు దాటిందా?” తోడల్లుణ్ణి అతను పిలిచేది అలాగే, కానీ రేడియోలో చుట్టరికాలు పలకకూడదని దళానికి నూరిపోసేది కూడా అతనే. “దాటకపోతే చెప్పు. బండిలో రంపముంది. క్వారీ దారి తెరిచి ఉందంటే ఇట్టే దిగుతా. దారి ఉందా?”

మైకమ్మ మైకు పట్టుకుంది. నొక్కలేదు.

దిగితే చేరతాడు. ఆ బండి తోలడంలో అతన్ని మించినవాడు లేడు. చెట్టు కొయ్యడం మొదలుపెడతాడు. ఇప్పుడు ఆగి ఉన్న గాలి అతను కోస్తుండగానే లేస్తుంది. పక్కంతా ముఖమై ఆ మలుపు మీదికి దిగుతుంది. లేక మంట దిగే లోపలే కోసేస్తాడేమో. బస్సు దాటేస్తుందేమో. బావ మళ్ళీ మరదలు పిల్లా అంటాడేమో. ఏదీ తెలీదు. మేష్టారికి తెలీదు, అక్కకి తెలీదు. పొద్దున్నించీ అక్క ఈ ‘తెలీదు’లోనే కూర్చుని ఉంది కాబోలు అనుకుంది. అనుకున్నంత మాత్రాన చెయ్యి కదల్లేదు. తన మొగుడు తనకి కావాలి. అంతకు మించి ఆ క్షణంలో ఆమెకి ఈ భూమ్మీద ఇంకేదీ అక్కర్లేదు. ఆ సంగతి తనకి తెలిసినందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

“మైకమ్మా, వినబడుతోందా? దారి ఉందా?”

నొక్కింది.

“బస్సు దాటలేదు,” అంది. అది నిజం. “క్వారీ దారి లేదు. మూసుకుపోయింది. నువ్వు నల్లనేలకి వెళ్ళిపో.”

తన పక్కన అక్క ఊపిరి ఆగడం వినబడింది.

కొండమీద మేస్త్రి ఒక్క క్షణమే ఆగాడు. ఆమె మాటని అనుమానించడానికి అతనికి కారణమేముంది? కేంద్రమంతా దాచిన గాలిని ఇందాక బయటపెట్టిన మనిషి ఆమే.

“తిరిగి చెప్తున్నా,” అన్నాడు నీరసంగా. “క్వారీ దారి లేదు. వెళ్తున్నా.”

ఒకటో దీపం ఆరిపోయింది. మైకమ్మ తలెత్తలేదు. ఎత్తితే అక్క కళ్ళలోకి చూడాలి. మీట వైపు చూసింది. అది అందరి లైను మీదే ఉంది. తనే ఎత్తిపెట్టింది. ఆ సంగతి అప్పుడు తగిలింది ఆమెకి. తను చెప్పింది మేస్త్రి ఒక్కడే వినలేదు.

రెండో దీపం వెలిగింది. ముందు, వెనక ఎవరో ముసలావిడ దగ్గు వినబడింది.

“కేంద్రం, బస్సు,” అన్నాడు బావ. ఎదురుగా పై దాకా తెరిచి ఉన్న దారిని చూస్తూనే అని ఉంటాడు. “తిరిగి చెప్తున్నా. క్వారీ దారి లేదు.” కాస్త ఆగాడు. “మరేం పర్లేదు మరదలు పిల్లా. ఏడవకు.”

కిటికీ రెక్క ఒకటి ధడాలున గోడకి కొట్టుకుంది. మేష్టారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఉత్తరం అన్నాడు. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

పెద్దమేడం చెల్లెలి చేతిలోంచి మైకు తీసుకుంది. మీట దించలేదు. అందరి లైను మీదే నొక్కింది.